రెండో ఏడాది మందు
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో, సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో అక్కడి తెలుగువాళ్ల ముందు చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభ మామూలుగా ఒక ఫిర్యాదుతో మొదలవుతుంది. ఆయనకు నోబెల్ రాలేదని, శతజయంతికి 1995లో ఒక తపాలా బిళ్ల వేసి చేతులు దులుపుకున్నారని. ఫిర్యాదు నిజమే. కానీ అది చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది, హాయిగా కూడా ఉంటుంది. అందుకే ఈ పూట దాన్ని పక్కన పెడుతున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవాళ్లలో ఇద్దరిని సంగ్రహణి జబ్బు తీసుకుపోయింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కంటగింపై, రావలసిన డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న డిగ్రీతో బయటపడ్డారు. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో పని చేసి, తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బులో వచ్చే రక్తహీనతకు అది మందు. ఆ పనిలోంచే దాని ఎదురు మందు కూడా పుట్టింది. చూడడానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణంలోకి దూరి, ఫోలిక్ యాసిడ్ చేయాల్సిన పనిని చేయనివ్వదు. అదే అమినోప్టెరిన్. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. వయసు 53.

ఈ కథ మీలో చాలామందికి తెలుసు. తెలుగు పత్రికలు ఇక్కడే ఆపుతాయి కూడా. దీని తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పదిమందీ బతికి బట్టకట్టలేదు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఫార్బర్ దాచలేదు, గుణం తాత్కాలికమేనని రాశాడు. ఆ మందుకు చెల్లెలు మెథోట్రెక్సేట్ వచ్చింది, మరికొన్ని మందులు వచ్చాయి, అయినా జబ్బు తిరగబెడుతూనే ఉంది. 1962లో మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆస్పత్రి తెరిచాక డొనాల్డ్ పింకెల్ అనే వైద్యుడు ఉన్న మందులన్నీ కలిపి, మెదడులో దాగే కణాలకు విడిగా వైద్యం చేసి, రెండు మూడేళ్లపాటు మానకుండా ఇచ్చి చూశాడు. అరవైల చివరికి సగం మంది పిల్లలకు జబ్బు పూర్తిగా నయమైంది. ఉన్న మందులే. మానకుండా ఇవ్వడం కొత్త.

ఆ మెథోట్రెక్సేట్ మాత్రను ఈ రోజుకూ మన పిల్లలు వారానికోసారి మింగుతున్నారు. చవక మాత్ర. సూరత్‌లో దొరుకుతుంది, వరంగల్‌లో దొరుకుతుంది. అయినా పిల్లలు పోతున్నారు. ఎందుకో మాట్లాడుకుందామని వచ్చాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమార వయసువాళ్లకు క్యాన్సర్ వస్తుంది. సంపన్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతారు. చాలా పేద దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదు. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 మంది దక్కాలని 2018లో ఆ సంస్థ ఒక లక్ష్యం పెట్టుకుంది. ఈ తేడాకు కారణాలు చాలా. జబ్బు కనుక్కోవడంలో ఆలస్యం ఒకటి, మందు తట్టుకోలేక ఇన్‌ఫెక్షన్‌తో పోవడం ఒకటి. వాటి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. డాక్టరు ఒక్కడి చేతిలో లేనిది, నాబోటి వాళ్లం కలగజేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వైద్యం మొదలుపెట్టి మధ్యలో రాకుండా పోవడం. నాలుగు వారాలు వరసగా రాకపోతే వైద్యం మానేసినట్టే లెక్క అని పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం నిర్ణయించింది.

ఇప్పుడు మన కామ్‌రేజ్ సంగతి. తాపీ ఒడ్డున, 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాం. సూరత్ స్టేషన్ నుంచి ముంబయి సెంట్రల్ 263 కిలోమీటర్లు. అటు అహ్మదాబాద్ దాదాపు 230. పరేల్‌లో 1941 నుంచి ఉన్న టాటా మెమోరియల్ ఒక దిక్కు, అసార్వా సివిల్ ఆవరణలో 1972లో వెలిసిన గుజరాత్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఇంకో దిక్కు. మూడో దిక్కు మన ఊరు. సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్‌లో దిగుతాం, అక్కడి నుంచి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ 1955లో పెట్టిన క్యాన్సర్ ఆస్పత్రి, మనం ఎం.ఎన్.జె. అనేది. సూరత్‌లోనూ క్యాన్సర్ వైద్యం ఉంది. మంచిదే. కానీ ఇన్ని దారులు ఉండడమే ఒక ప్రమాదం. చార్ రస్తాలో నిలబడితే అన్ని వైపులా బస్సులు దొరుకుతాయి, ఏదో ఒకటి ఎక్కేస్తాం.

మనవాళ్ల ఇల్లు ఒకటి ఊహించుకోండి. తండ్రిది సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మీటరుకింత కూలి, పదిహేను రోజులకోసారి పగార్. రానిరోజుకు పైసా లేదు. తల్లి ఇంట్లో చీరలకు పూసలు కుడుతుంది, లేదా దారం కత్తిరిస్తుంది. ఆరేళ్ల పిల్లవాడికి జ్వరం వదలడం లేదు, ఒంటి మీద నీలం మచ్చలు, పాలిపోయిన ముఖం. రక్తపరీక్షలో తేలింది. మొదటి నెల ఎట్లా గడుస్తుందో మీకు తెలుసు. సేట్ దగ్గర ఉపాడ్, అంటే అడ్వాన్సు, తీసుకుంటారు. కులసంఘం చందా వేస్తుంది. గల్లీలో పిల్లలు ఫోన్లలో ఫొటో పెట్టి డబ్బు అడుగుతారు. అమ్మమ్మ ఊరి నుంచి వస్తుంది. నాలుగైదు వారాలకు డాక్టరు బోన్‌మ్యారో చూసి, జబ్బు కణాలు కనిపించడం లేదు అంటాడు. ఇంటిల్లిపాదీ కొమురెల్లికి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరతారు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. జబ్బు బయటపడే రోజుకు పిల్లవాడి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలుంటాయని వైద్యుల అంచనా. మైక్రోస్కోప్ కింద 'కనిపించడం లేదు' అన్నప్పుడు కూడా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. పిల్లవాడు మాత్రం ఆడుకుంటున్నాడు, అన్నం తింటున్నాడు. మరి కొన్ని నెలల బలమైన మందుల తర్వాత నిలకడ దశ వస్తుంది. రోజూ ఇంట్లో ఒక మాత్ర, వారానికోసారి సుబ్బారావు గారి మాత్ర, అప్పుడప్పుడు ఇంజక్షన్, రక్తపరీక్ష. మొత్తం కలిపి రెండు నుంచి రెండున్నర ఏళ్లు. జుట్టు మళ్లీ వస్తుంది. బడికి పోతాడు. చుట్టాలకు జబ్బు సంగతి గుర్తు కూడా ఉండదు. సరిగ్గా అప్పటికి చందా డబ్బు అయిపోయి ఉంటుంది, ఉపాడ్ మాత్రం పగార్‌లో నెలనెలా కోత పడుతూనే ఉంటుంది.

'బాగానే ఉన్నడు గదా, ఇంకెందుకు' అన్న మాట అప్పుడు వస్తుంది. ఎవరో అన్నందుకు కాదు, కళ్లెదుట ఉన్నది చూసి వస్తుంది. దాన్ని అజ్ఞానం అనకండి. అమెరికాలో స్మితా భాటియా అనే మన దేశపు వైద్యురాలు ఇదే నిలకడ దశ మీద పని చేశారు. మాత్రల డబ్బా మూతలో ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి, ఎన్నిసార్లు తెరిచారో లెక్క తీశారు. రోజువారీ మాత్రల్లో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరిగిందని 2012లో ప్రకటించారు. 95 శాతం అంటే ఏమిటి? నెలలో రెండు మాత్రలు తప్పితే ఆ గీత దాటినట్టే. ఇన్సూరెన్సులు, కార్లు, ఇంటి పక్కన మందుల షాపులు ఉన్న దేశంలో కూడా ఇంట్లో మాత్రలు తప్పుతున్నాయి. రాత్రి పాళీ చేసి వచ్చిన మన తండ్రి మరిచిపోతే వింతేముంది?

మనవాళ్లకు ఇంకో గండం దీపావళి. సూరత్‌లో కార్ఖానాలు మూతపడి రెండు మూడు వారాలు సెలవు. ఊళ్లకు పోతారు. పిల్లవాడు ఆస్పత్రికి రావలసిన తారీఖు ఆ మధ్యలో పడుతుంది. 'ఊళ్లో చూపిద్దాం' అంటారు. ఫైలు ఇక్కడే బీరువాలో ఉంటుంది. అక్కడి డాక్టరుకు ఏ మందు ఎంత ఇచ్చారో తెలియదు. తిరిగి వచ్చేసరికి నెల దాటుతుంది. అప్పుడు పోతే తిడతారేమోనని భయం. నేను విన్న కారణాల్లో డబ్బు తర్వాత ఎక్కువసార్లు విన్నది ఇదే, తిడతారేమోనని పోలేదు. తప్పిన తారీఖుకు తల్లిని నిలదీసే ప్రతి నర్సుకూ ప్రతి గుమాస్తాకూ ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పాలి. చెట్ల మందు విషయంలో కూడా అంతే. తిట్టేవాళ్లకు దాని సంగతి చెప్పరు. నెమ్మదిగా అడిగితే ఏ పసరు తాగిస్తున్నారో చెబుతారు, కనీసం రోజూ వేసే మాత్ర మానకుండా చూడొచ్చు.

ఆరోగ్య కార్డులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు అది దేశంలోనే పెద్ద అడుగు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2023లో గుజరాత్, తెలంగాణ రెండూ తమ పరిమితిని 10 లక్షలకు పెంచాయి. ఆస్పత్రి బిల్లు మీద ఈ కార్డులు ఎంత మేలు చేశాయో నేను తక్కువ చేయను. కానీ మనవాళ్ల రేషన్ కార్డు సిరిసిల్లలోనో జనగామలోనో ఉంటుంది, పిల్లవాడు ఇక్కడ ఉంటాడు. ఇక్కడి కార్డు కావాలంటే ఆదాయ ధ్రువపత్రం కోసం మామ్లత్‌దార్ కచేరి చుట్టూ తిరగాలి, ఆ తిరిగిన రోజుల పగార్ పోతుంది. అన్నీ సరిపడ్డా, పరాయి ఊళ్లో గది అద్దె కార్డులో లేదు. పోయిన కూలి లేదు. ఇంటి దగ్గర మిగిలిన చిన్నపిల్లను చూసుకునే మనిషి లేదు. ఎల్ సాల్వడార్‌లో పిల్లలకు మందు ఉచితమే, అయినా నూటికి 13 మంది మధ్యలో మానేశారని ఒక అధ్యయనం తేల్చింది.

మరి ఎక్కడా దీన్ని ఆపలేకపోయారా? ఆపారు. బ్రెజిల్ ఈశాన్యంలో రెసిఫె అనే ఊరు ఉంది. పేద ప్రాంతం. 1980లలో అక్కడ ఈ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 16 మంది వైద్యం మధ్యలో వదిలేసేవారు. మెంఫిస్ ఆస్పత్రి సాయంతో అక్కడ ప్రత్యేక విభాగం పెట్టారు. దానితోపాటు స్థానిక పౌరుల సంఘం ఒకటి కుటుంబాలకు బస, ప్రయాణం, తిండి చూసుకుంది. రానివాళ్ల కోసం వెతికే ఏర్పాటు చేశారు. వదిలేసేవారు నూటికి ఒకరి కన్నా తక్కువకు పడిపోయారు. జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు దాటినవాళ్లు 32 నుంచి 63 శాతానికి పెరిగారు. అందులో మెరుగైన మందుల వాటా ఉంది, కాదనను. కానీ మందు మింగే పిల్లవాడు ఎదురుగా లేకపోతే మెరుగైన మందు ఎవరికి?

అంత దూరం పోనక్కర్లేదు. టాటా మెమోరియల్‌లో 2009 ప్రాంతంలో దాదాపు ఐదుగురు పిల్లల్లో ఒకరు వైద్యం మొదలుపెట్టకుండానో, మధ్యలోనో వెళ్లిపోయేవారు. ఆస్పత్రి తన పిల్లల విభాగానికి అనుబంధంగా ఇంపాక్ట్ అనే ఫౌండేషన్‌ను నడిపి, దాతల డబ్బు, బస, తిండి, కౌన్సెలింగ్, రానివాళ్లకు ఫోన్లు అన్నీ ఒకే చోటికి తెచ్చింది. పదేళ్లలోపు అది 5 శాతం దరిదాపులకు దిగింది. బస విషయంలో ముంబయికి పాత పేరుంది. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల ఎన్ని వేల కుటుంబాలకు నీడనిచ్చిందో. అయినా ఆస్పత్రి ముందు ఫుట్‌పాత్ మీద పడుకునే కుటుంబాలు మిగిలాయి. 2006లో శ్యామా, నిహాల్ కవిరత్నె దంపతులు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు మొదలుపెట్టారు. ఒక్కో కుటుంబానికి ఒక గది, వండుకోవడానికి పొయ్యి, శుభ్రమైన నీళ్లు, ఆస్పత్రికి బండి. కుటుంబం దగ్గర పైసా తీసుకోరు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఆ కేంద్రాలున్నాయి. వండుకునే పొయ్యి చిన్న విషయం కాదు. కీమో ఇచ్చాక తెల్లకణాలు పడిపోయిన పిల్లవాడికి రోడ్డు పక్క తిండి ప్రాణాంతకం. తల్లి చేతి పప్పన్నమే అక్కడ వైద్యం.

ఆడపిల్లల మాట ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, మరికొన్ని కేంద్రాలవాళ్లు కలిసి చూసిన లెక్కల్లో, ఆస్పత్రులకు వచ్చిన క్యాన్సర్ పిల్లల్లో ఆడపిల్లలు ఉండాల్సినంత మంది లేరు. దూరం పెరిగినా ఖర్చు పెరిగినా వాళ్ల వాటా ఇంకా తగ్గింది. జబ్బు వాళ్లను చూసి తప్పుకుపోదు కదా. మనవాళ్లలో ఆ తేడా లేదని ఎవరైనా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలరా?

ఇక సూరత్ దానగుణం గురించి. ఇది దానాల ఊరు. వజ్రాల వ్యాపారులు, బట్టల వ్యాపారులు ఆస్పత్రులు కట్టించారు, వార్డుకొక పాలరాతి పలక, పలక మీద పేరు. మన తెలుగు సంఘాలు వాళ్లను చూసి నేర్చుకున్నాయి, బతుకమ్మ వేదిక మీద పెద్ద చెక్కు అట్టముక్క పట్టుకుని ఫొటో దిగడం కూడా నేర్చుకున్నాయి. మంచిదే, ఇవ్వనివాళ్ల కన్నా ఎన్నో రెట్లు మేలు. కానీ ఆ చెక్కు మొదటి నెలలో వస్తుంది. నా అభిప్రాయం, అది తప్పు నెల. మొదటి నెలలో కార్డు ఉంది, సేట్ ఉన్నాడు, చుట్టాలున్నారు, భయం ఉంది. పద్నాలుగో నెలలో ఏదీ లేదు. లక్ష రూపాయలు ఒకేసారి ఇచ్చే బదులు అదే లక్షను ముప్పై నెలలకు పంచి, తారీఖు రోజున ఆ రోజు కూలి, దారి ఖర్చు చేతిలో పెట్టండి. ఎవరూ ఫొటో తీయరు. పిల్లవాడు వెళ్తాడు.

డబ్బు కన్నా చవకైన పని ఒకటుంది. ప్రతి పిల్లవాడికి తెలుగు మాట్లాడే ఒక మనిషి, ఒక నోట్‌బుక్కు, అందులో తారీఖులు. తారీఖు ముందు రోజు ఒక ఫోన్. తప్పితే ఆ సాయంత్రమే ఇంకో ఫోన్. 'ఏమన్నా, ఇయ్యాల తారీఖుండె గదా, పోలేదా? రేపు నేనొస్త, కలిసి పోదం.' అంతే. సాంచె మీద పోగు తెగితే మీరు పాళీ అయ్యేదాకా ఆగరు, అప్పుడే ముడి వేస్తారు. ఇదీ అంతే, నాలుగు వారాలు ఆగకూడదు. మున్సిపల్ తెలుగు బడుల్లో చదివి, గుజరాతీ, హిందీ కూడా వచ్చిన మన ఆడపిల్లలు, మగపిల్లలు ఈ ఊళ్లో ఎందరున్నారు! కౌంటర్ దగ్గర తల్లి పక్కన నిలబడి డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పడానికి ఎం.బి.బి.ఎస్. అక్కర్లేదు.

ఆ మనిషికి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, బరువైనవి కావు. రైల్వే నియమం ప్రకారం వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి స్లీపర్, త్రీ టైర్ ఏసీలో చార్జీ పూర్తిగా మాఫీ, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి డాక్టరు సంతకం చేసిన నిర్ణీత పత్రం చూపాలి. కీమో మధ్యలో జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు, రాత్రయినా అప్పుడే ఆస్పత్రికి పరుగెత్తాలి, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. ఊరికి పోయేముందు ఫైలు మొత్తం ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. సెలవుల్లో రక్తపరీక్ష ఊళ్లో చేయించి, నివేదిక అసలు డాక్టరుకే పంపాలి. ఒక ఆస్పత్రిని పట్టుకున్నాక, డాక్టరు పంపితే తప్ప ఇంకో ఆస్పత్రికి మారకూడదు. ముంబయా, అహ్మదాబాదా, హైదరాబాదా అన్నది మొదటి వారంలోనే తేల్చుకోండి. ఇంట్లో తల్లికి ఎవరి తోడు దొరుకుతుందో ఆ ఊరు మేలు అంటాను నేను. డాక్టర్ల పేరుప్రతిష్ఠలు చూసి దూరం పోయి, ఆరు నెలలకు అలసిపోయి వచ్చేసినవాళ్లను చూశాను.

అందరు పిల్లలూ దక్కరు. జబ్బు తిరగబెట్టి, ఇక మందు లేదన్నాక కూడా కుటుంబాన్ని వదలకూడదు. ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రి పాలత్ ఏళ్లుగా చేస్తున్న పని అదే, నొప్పికి మార్ఫిన్, ఇంటిదాకా మనిషి. మన నోట్‌బుక్కులో ఆ పిల్లల పేర్లు కొట్టేయకండి. వాళ్లకు కూడా ఫోన్ చేయాలి.

నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. వచ్చే ఏడాది నుంచి ఈ సభలో శాలువాలు, దండలు, జ్ఞాపికలు వద్దు. ఆ డబ్బును తారీఖు రోజు ఇచ్చే కూలి, దారి ఖర్చుల ఖాతాలో వేయండి. ఉపన్యాసం ఎవరిదైనా కానీ, దానికి ముందు ఒకరు లేచి లెక్క చదవాలి. ఈ ఏడాది మన దగ్గర ఎందరు పిల్లలు వైద్యంలో ఉన్నారు, ఎన్ని తారీఖులు పడ్డాయి, అందులో ఎన్ని తప్పాయి, తప్పిన రోజు ఎవరు ఫోన్ చేశారు. పేర్లు రాయించుకునే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాను. వెళ్లేటప్పుడు మీ ఫోన్ నంబరు, వారంలో ఏ రోజు మీకు పని ఉండదో రాసి వెళ్లండి.